కుడి రొమ్ము మీది పతకాలు

"పతకాలు తప్పు దిక్కున నేసిండ్రు బిడ్డా."

దశరథ్ సేఠ్ గిర్రున వెనక్కి తిరిగాడు.

మగ్గాల షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలమ్మ నిలబడి ఉంది. మోకాళ్ల దాకా దుమ్ము, చంకలో గుడ్డసంచి. షోలాపూర్ భవాని పేట్‌లో ఆమెను చూసిన గుర్తు లేదు.

సేఠ్‌కు ఒళ్లు మండింది. మండదా మరి!

ఆ సాయంత్రమే జనరల్ సాహెబ్‌కు షోలాపూర్‌లో సన్మానం. మూడు యుద్ధాలు చేసినవాడు, పదకొండు పతకాలవాడు. డెబ్బయ్యొకటి యుద్ధంలో రెండు తూటాలు తగిలినా గుట్ట వదల్లేదని, ఇరవై ఏళ్లయినా జనం ఇంకా చెప్పుకుంటున్నారు.

అంతటివాడికి శాలువా ఎవడైనా కప్పుతాడు. ఆయన బొమ్మనే బట్టలో నేయించి ఇస్తానని నేతకారుల కమిటీలో రొమ్ము విరుచుకుని చెప్పాడు దశరథ్. అది తన చేత్తోనే ఇవ్వాలి, ఫొటో పేపర్లో పడాలి. వచ్చే నెల కమిటీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారాయె!

నలభై రోజులు పట్టింది. పొద్దున్నే నేతగాడు పెంటప్ప బట్టను మగ్గం మీంచి కోసి గోడకు వేలాడదీశాడు. ఆ టోపీ, ఆ మీసం... అచ్చం జనరల్ సాహెబే. షెడ్డంతా చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడే ఈ ముసలమ్మ దిగబడింది.

"ఏందవ్వా తప్పు?"

"బతికున్నోళ్లు ఎడమ రొమ్ముకు పెట్టుకుంటరు. గీడ కుడి దిక్కున్నయి. కుడి దిక్కు పెడ్తే ఆ మనిషి సచ్చిపోయినట్టు."

"థూ! శుభమా అని సన్మానం చేస్తుంటే సావు మాటలా? పిలవని పేరంటానికి వచ్చి వంకలు పెడ్తున్నవా?"

"కోపం చెయ్యకు బిడ్డా. జనరల్ సాబును ఒక్కపారి కలిపియ్యి. ఒక్క మాట అడగాలె. గందుకే మూడు బస్సులు మారి వచ్చిన."

"ఏం మాట?"

"నా కొడుకు సంగతి."

"అగో! ఇప్పుడు బయటపడ్డది అసలు కత. కొడుక్కు నౌకరీ సిఫారసు! పొద్దుగాల సంది గిట్ల వచ్చినోళ్లల్ల నువ్వు ఏడోదానివి."

"నౌకరీ కాదు బిడ్డా, వాడు..."

"సభకు పాస్ ఉందా? లేదు గదా. చలో, లౌకర్, జల్ది నడువు!"

ముసలమ్మ ఇంక బతిమాలలేదు. బొమ్మ వైపు ఒకసారి చూసి, సంచి సర్దుకుని గుమ్మం దిగింది.

"పెంటప్పా, ఈమెను బస్సెక్కిచ్చి రా. సాయంత్రం సభ కాడ మళ్ల కనబడొద్దు."

"ఏ ఊరి బస్సు సేఠ్?"

"ఏదన్న కానీ. ఊరు దాటాలె, బస్."

ఉన్నమాట చెప్పుకోవాలి గదా, ఆ పూట దశరథ్‌కు ఆవగింజంత జాలి కూడా కలగలేదు.

గంటకు తిరిగొచ్చిన పెంటప్ప, పేపర్లోని ఫొటో తెచ్చి బట్ట పక్కన పెట్టి చూశాడు. వాడి మొహం వాడిపోయింది.

"సేఠ్, అవ్వ చెప్పింది నిజమే. జకార్డ్ మగ్గం మీద బొమ్మ మొహం కిందికి పెట్టి నేస్తం గదా. కాయితం మీద నక్షా ఎడమ కుడి తిప్పి గియ్యాల్సుండె, మరిసిపోయినం. మీసాలు కుదిరినయా అనే చూసినం గని పతకాలు ఏ దిక్కున్నయో చూడలే."

దశరథ్ గోడ గడియారం వైపు చూశాడు. మళ్లీ నేయడానికి వేళ ఏదీ?

"నోరు మూసుకో. గంత దూరం నుంచి ఎవడు చూస్తడు?"

జనరల్ సాహెబ్ చూశాడు.

వేదిక మీద బట్ట విప్పగానే సభ హోరెత్తింది. ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని నిదానంగా చూసి, నవ్వి, హిందీలో అన్నాడు.

"దశరథ్‌జీ, మీ బట్టలో నేను చచ్చిపోయాను. పతకాలు కుడివైపు పెట్టుకునేది పోయిన జవాను ఇంటివాళ్లు."

మైకు ఆ మాటను సభంతా చాటింది. జనం గొల్లుమన్నారు. దశరథ్‌కు తల కొట్టేసినట్టయింది. అధ్యక్ష పదవి అక్కడికక్కడే కళ్ల ముందు నుంచి ఎగిరిపోయింది. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాలి.

"మాఫ్ కీజియే సాబ్. పొద్దున ఒక ముసలామె ఇదే మాట చెప్పింది. నేనే వినలేదు."

జనరల్ సాహెబ్ నవ్వు ఆగిపోయింది.

"ఏ ముసలామె?"

"ఎవరో సాబ్. కొడుకు నౌకరీ కోసం వచ్చింది."

"నౌకరీ కోసమని ఆమే చెప్పిందా?"

దశరథ్ లేదన్నట్టు తలూపాడు.

"ఇప్పుడు ఎక్కడుంది?"

వేదిక కింద నుంచి పెంటప్పే జవాబు చెప్పాడు.

"హైదరాబాద్ బస్సెక్కిచ్చిన సాబ్. నడుమ ఏడనో దిగుతనన్నది. ఊరి పేరు అడగలే."

జనరల్ సాహెబ్ కుర్చీలో కూలబడ్డాడు. బొమ్మ బట్ట ఆయన చేతుల్లోంచి జారిపోయింది. వంగి తీయడానికి దశరథ్‌కు ధైర్యం చాల్లేదు.

"ఆ గుట్ట మీద నుంచి నన్ను భుజాన వేసుకుని దింపినవాడు మీ భవాని పేట్ కుర్రాడే. కొమురయ్య. దింపాక నా పక్కనే ప్రాణం వదిలాడు. వాడి తల్లికి పతకం ఇచ్చేనాటికి నేను ఆస్పత్రిలో ఉన్నాను. లేచి వెతికితే ఆమె ఈ ఊరు విడిచిపోయింది. రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి."

ఆయనే వంగి ఆ బట్టను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పోయే ముందు అమ్మకు చెప్పమని వాడొక మాట చెప్పాడు దశరథ్‌జీ. ఈ కబురు చెవినపడితే ఆ తల్లి నన్ను వెతుక్కుంటూ వస్తుందనే మీ సన్మానానికి ఒప్పుకున్నాను."