మూత తీయనా?

"మూత తీయనా?" అంది సుప్రభాదేవి, మొదటి గిన్నె మీద చెయ్యి వేసి.

"వద్దత్తయ్యా! దణ్ణం పెడతాను, తీయొద్దు!" అన్నాడు తమోనాశ్.

కంచు పళ్ళెం చుట్టూ ఎనిమిది గిన్నెలు. ఈగలు వాలకుండా ఎనిమిదింటికీ మూతలు. అల్లుళ్ళని పిలిచి విందు పెట్టే బెంగాలీ పండగ జమాయి షష్ఠి నాడు చందన్‌నగర్‌లో ఏ అత్తగారు అల్లుడి ముందు ఎన్ని గిన్నెలు పెట్టిందో వీధి వీధంతా లెక్కపెడుతుంది. మణికట్టుకు పసుపు దారం కట్టడమూ, తడి విసనకర్రతో విసరడమూ అయిపోయాయి. ఇక మిగిలింది అల్లుడు తినడమే.

ఆ అల్లుడేమో పన్నెండు రోజులుగా కూరగాయలు ఉడికించిన నీళ్ళూ, పలచటి మజ్జిగా తప్ప ఇంకో రుచి ఎరగడు. మనిషి నూట ముప్ఫై ఎనిమిది కిలోలు. సోమవారం పొట్ట చిన్నది చేసే ఆపరేషన్. ఈలోగా కొవ్వు పట్టిన కాలేయం తగ్గకపోతే కత్తి పట్టనని డాక్టరు తెగేసి చెప్పాడు.

"ఇది ఇలిష్ చేప గిన్నె బాబూ. ఒక్క పొట్ట ముక్క వెయ్యనా?"

కిటికీలోంచి గాలి వీచింది. ఆవ పెట్టిన చేప ఘాటు తిన్నగా వచ్చి ముక్కులో దూరింది. తమోనాశ్ కళ్ళు మూసుకున్నాడు.

"వద్దు."

"పోనీ, ఇది మాంసం గిన్నె. ఎముక మూలుగంటే పడి చస్తావుగా?"

"చస్తాను. అందుకే వద్దు."

"అమ్మా, ఇక ఆపవే!" అంది గుమ్మంలో నిలబడ్డ అతని భార్య శర్బరి. పొద్దున్నే మొగుడితో పాటు రైలు దిగింది. "పోయినసారి స్కాన్ చూసి డాక్టరు వెనక్కి తోలేసినప్పుడు ఈయన ఏమన్నాడో మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతానే? 'నా తప్పేం లేదు సార్, మా అత్తగారు పెడుతుంటే కాదనలేకపోయాను' అన్నాడు. ఆస్పత్రి ఆస్పత్రంతా విన్నది." సుప్రభాదేవి విసనకర్ర ఆపకుండానే అంది. "మరి ఈ కొబ్బరిపాల రొయ్యల గిన్నె సంగతేమిటి బాబూ?"

తమోనాశ్‌కి సిగ్గుతో తల వాలిపోయింది. నోట్లో మాత్రం నీళ్ళూరుతూనే ఉన్నాయి. సిగ్గుకి ఆకలి తగ్గుతుందని ఎవరన్నారో గానీ, వాళ్ళకి రొయ్యలంటే ఇష్టం ఉండి ఉండదు.

పక్కన ఘోషాల్ వాళ్ళింట్లో శంఖం ఊదారు. వాళ్ళ అల్లుడు కూడా దిగినట్టున్నాడు. నవ్వులు గోడ దూకి వస్తున్నాయి.

నాలుగో గిన్నె వద్దన్నాడు. ఐదో గిన్నె దగ్గర మాత్రం అతని కుడిచెయ్యి అతన్ని అడక్కుండానే కదిలింది. ఒక్క ముద్దకి కాలేయం ఎంత ఉబ్బుతుంది? ఎవరు చూడొచ్చారు? వేళ్ళు మూత అంచుదాకా వెళ్ళాయి. సుప్రభాదేవి విసనకర్ర ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు కూతురు మిమి గుర్తొచ్చింది. కిందటి నెల తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కితే, అతని పొట్ట అడ్డమొచ్చి ఇనప కడ్డీ పడలేదు. "నువ్వు కిందే ఉండి చెయ్యి ఊపు నాన్నా, ఏం పర్లేదు" అంది ఆరేళ్ళ పిల్ల.

తమోనాశ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కుని తొడ కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు. నూట ముప్ఫై ఎనిమిది కిలోల కింద చిక్కిన చెయ్యి ఇంకెక్కడికి పోతుంది!

ఆరు వద్దు. ఏడు వద్దు. సుప్రభాదేవి ఎనిమిదో గిన్నె మీద చెయ్యేసింది.

"ఇది జలభరా సందేశ్ మిఠాయి గిన్నె. కొరికితే లోపల రోజ్ పాకం." గొంతు తగ్గించింది. "పొద్దుట్నుంచీ నీ కోసం ఉపవాసం ఉన్నాను బాబూ. నీ నోట్లో ఏదో ఒకటి పడితే గాని నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. మూత తీయనా?"

తమోనాశ్ కుర్చీ పట్టుకుని లేచాడు. కుర్చీ కిర్రుమంది.

"అత్తయ్యా, పోయినసారి మీరు పెట్టారు, నిజమే. కానీ తిన్నది నేను. ఆ మాట ఆస్పత్రిలో చెప్పలేకపోయాను. ఇవాళ మానుతున్నదీ నేనే." సంచిలోంచి సీసా తీశాడు. కూరగాయల నీళ్ళు గటగటా సగం తాగేసి, మూతి తుడుచుకున్నాడు. "ఇదిగో, నా నోట్లో పడింది. ఇక మీరు ఉపవాసం విడవండి!"

వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నెలల తర్వాత తన చేతులు ఒకరి పాదాలదాకా అందాయని లేచాక గాని అతనికి తట్టలేదు. తట్టగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు. శర్బరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గెలిచాను అత్తయ్యా! ఇక ఈ ఎనిమిదీ ఘోషాల్ వాళ్ళకి పంపించెయ్యండి."

"ఏం పంపమంటావు?" అంటూ సుప్రభాదేవి వరసగా మూతలన్నీ తీసేసింది.

ఎనిమిది గిన్నెలూ తోమి బోర్లించినంత శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి.

శర్బరి వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి చల్లగా ఉంది.

"మరి... ఇలిష్ వాసన?" అన్నాడు తమోనాశ్.

"అది ఘోషాల్ వాళ్ళది."

"ఏమీ వండకుండానే నన్నింతసేపు వేపుకు తిన్నారా!"

సుప్రభాదేవి అలిసిపోయి కుర్చీలో కూలబడి, విసనకర్ర తనవైపు తిప్పుకుంది.

"పెట్టనా పెట్టనా అని అడక్కుండా నేనుండలేను బాబూ. వండానా, పెట్టకుండా అసలే ఉండలేను. నీకు పన్నెండు రోజులు ఎలా గడిచాయో గానీ, పొయ్యి వెలిగించకుండా ఈ ఒక్క పూట గడిచేసరికి నాకు ప్రాణం మీదికొచ్చింది!"