గుమ్మడికి చోటు

బుట్ట మీద గుడ్డ తీశారో లేదో, బుల్లియ్య పెంచుకునే పోతుపిల్లి పోతురాజు ఒక్క ఉరుకున వెళ్ళి కొత్తపిల్లి మీద పడింది.

“పట్టుకోండి! దాని చెవి ఊడొస్తుందండీ!” అని వీరవేణి కేకపెట్టింది.

బుల్లియ్య చెయ్యి అడ్డం పెట్టేలోపు కొత్తపిల్లి గుంజ పాకి చూరెక్కేసింది. తోక చీపురులా ఉబ్బింది. కింద పోతురాజు ఒక పక్క, ఆడపిల్లి నల్లమ్మ ఇంకో పక్క కాపలా కూర్చున్నాయి.

బుల్లియ్యది ధవళేశ్వరం. ఆనకట్ట కింద వలేసుకు బతుకుతాడు. పెళ్ళాం పోయాక ఇంట్లో మాట్లాడటానికి ఆ రెండు పిల్లులే మిగిలాయి. వీరవేణి కిందటేడు, మొగుడు పోయాక, యానాం వైపు నుంచి ఒంటిగా వచ్చింది. బుల్లియ్య దగ్గర చేపలు కొని ఊళ్ళో తిరిగి అమ్ముకుంటుంది. ఆ కొత్తపిల్లి, గుమ్మడి, ఆమెదే. పేరుకి తగ్గట్టే పండు రంగు.

“కాకినాడ నుంచి మా తమ్ముడు కబురెట్టాడండీ, వచ్చి తన దగ్గరే ఉండిపొమ్మని,” అంది వీరవేణి. “మా మరదలికి పిల్లులంటే పడదు. ఇంకెవర్ని నమ్మి ఇవ్వనండి? మీరు పిల్లులకి పెట్టాకే తింటారని రేవంతా చెప్పుకుంటారు.”

“నువ్వు ఇచ్చావు, బాగానే ఉంది. నావి ఒప్పుకోవద్దూ?” అన్నాడు బుల్లియ్య చూరు కేసి చూస్తూ. “చిన్న కూనైతే పోనీలే అనుకునేవి. ఎదిగిన పిల్లి కదా, ఇల్లు లాక్కోవడానికొచ్చిందనుకుంటన్నాయి.”

“అయితే అవి కలిసేదాకా నేను కదలనండి. కొట్టుకు చస్తంటే వదిలేసి ఎలా వెళ్తాను?”

ఉపాయం కూడా ఆమే చెప్పింది. గుమ్మడిని వలలు పెట్టుకునే కొట్టులో ఉంచి, గుమ్మానికి తడిక అడ్డం కట్టించింది. గుమ్మడి పడుకున్న గోనెపట్టా తీసి పోతురాజు కింద పరిచింది. పోతురాజుది గుమ్మడికి వేసింది.

“ముందు వాసనలు కలవాలండి. మొహాలు తర్వాత.”

తడిక ఇవతలొక చేపతల, అవతలొక చేపతల. మొదట్లో దూరం దూరంగా పెట్టి, రోజూ ఒక జానెడు దగ్గరికి జరపాలి. ఆ జరపడానికి వీరవేణి రోజూ బుట్ట ఖాళీ కాగానే వచ్చేది. ఊరికే కూర్చోలేక వల చిరుగులు కుట్టేది. “తలకాయలన్నీ పిల్లులకి పోతన్నాయి, మరి మీకేంటండీ, గంజీ పచ్చిమిరపకాయానా?” అని ఒకరోజు తనే పొయ్యి రాజేసి పులుసు పెట్టింది.

మర్నాడు బుల్లియ్య మంగలి దగ్గరికి వెళ్ళి గడ్డం గీయించుకున్నాడు. రేవులో అందరూ పని ఆపి చూశారు.

“ఏంట్రా, ఏమన్నా పండగా?” అన్నాడు తోటి జాలరి ఒకడు.

“గడ్డం చూసి పిల్లి బెదురుతోందిరా,” అన్నాడు బుల్లియ్య.

గోదారి ఎర్రబడి వరద నీళ్ళు వచ్చేసరికి గుర్రుమనడాలు తగ్గాయి. ఒక పొద్దున బుల్లియ్య లేచి చూస్తే తడిక పక్కకి తోసేసి ఉంది. మూడు పిల్లులూ వల మీద ఒకే కుప్పగా పడుకున్నాయి. నల్లమ్మ గుమ్మడి నెత్తి నాకుతోంది.

బుల్లియ్యకి నవ్వొచ్చింది. వీరవేణి చూస్తే ఎంత మురిసిపోతుందో అనుకున్నాడు. అనుకోగానే ఇంకోటి కూడా తట్టింది. మురిసిపోతుంది, మురిసిపోయి కాకినాడ పడవెక్కేస్తుంది.

గుమ్మడిని ఎత్తి కొట్టులో పెట్టి తడిక గట్టిగా బిగించేశాడు.

“ఎలా ఉన్నాయండీ?” అంది సాయంత్రం వీరవేణి.

“అబ్బే! తడిక కాస్త జరిపితే ఒకటే రక్కుకోవడం. ఆపబోతే నాకూ తగిలింది,” అని మోచెయ్యి చూపించాడు. తుమ్మముల్లుతో తనే గీసుకున్న గీత అది.

వీరవేణి ఆ గీతని కాసేపు చూసి పసుపు అద్దింది. “పాపం, ఇంకొన్నాళ్ళు పట్టేలా ఉందండి,” అంది.

ఇంకొన్నాళ్ళూ పట్టింది. పొద్దంతా మూడు పిల్లులూ ఒకే మూకుట్లో తినేవి. వీరవేణి వచ్చే వేళకి బుల్లియ్య వాటిని విడదీసేవాడు. పోనుపోను గుమ్మడికి అది ఎంత అలవాటైపోయిందంటే, వేళ కాగానే తనే లేచి కొట్టులోకి నడిచేది.

ఒకనాడు ముసురు పట్టి వేట సాగలేదు. మిట్టమధ్యాహ్నం బుల్లియ్య చాప మీద కునుకు తీస్తున్నాడు. పొట్ట మీద పోతురాజు, చంకలో నల్లమ్మ, మెడకి ఆనుకుని గుమ్మడి. కళ్ళు తెరిచేసరికి తాటాకు గొడుగుతో గుమ్మంలో వీరవేణి నిలబడి ఉంది.

లేవడానికీ లేదు, దాచడానికీ లేదు.

“ఎప్పట్నుంచండీ ఇలా?”

“వరదొచ్చిన కాణ్ణించీ,” అన్నాడు బుల్లియ్య తల దించుకుని. “కలిశాయని చెబితే నువ్వెళ్ళిపోతావు. మనసొప్పలేదు వీరవేణీ. తప్పే. అక్కడ మీ తమ్ముడు పాపం ఎదురుచూస్తా ఉంటాడు. రేపు కాలవ లాకుల దగ్గర నేనే పడవెక్కిస్తాను.”

వీరవేణి గొడుగు మూల పెట్టింది. కొంగు దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది. నిప్పు ఊదబోయి, ఇక ఆపుకోలేక నవ్వేసింది.

“తమ్ముడెక్కడండీ? మా అమ్మకి నేనొక్కదాన్నే.”