చివరి బెంచీకి రొట్టె లేదు

ఆమె రెండు చేతులూ చాచింది.

బస్సు డ్రైవరు రొట్టె పళ్ళెం ఆమె ముందుకు వంచబోయాడు. వెనక నుంచి సంఘ పెద్ద అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆవిడకి వద్దు."

డ్రైవరుకి అర్థం కాలేదు. ఈ ఊరికి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. గతుకుల రోడ్ల మీద నిండు బస్సు నడిపే చేతులు, ఇంతకంటే నమ్మకమైనవి దొరకవంటూ పెద్దలు నవ్వుతూ అతనికి పళ్ళెం అప్పజెప్పారు. నెలకోసారి, ఏసు చివరి విందు గుర్తుగా రొట్టె పంచుకునే ప్రభు బల్ల జరిగే ఆదివారం, ముందు బెంచీలకు రొట్టె అందించడం అతని పని. వెనక వరసలు చూసుకునే మనిషి జ్వరంతో రాకపోవడంతో ఇవాళ మొదటిసారి చివరిదాకా వచ్చాడు.

చివరి బెంచీలో ఆమె ఒక్కతే కూర్చుంది. నలభై దాటి ఉంటుంది. పాట మొదలయ్యాక వచ్చి, ఆఖరి ప్రార్థన ముగియకముందే లేచిపోయే మనిషి. ఆమెతో ఎవరైనా మాట్లాడగా అతను చూడలేదు.

"ఎందుకొద్దు?" అన్నాడు.

"క్రమశిక్షణలో ఉంది. నువ్వు పద."

ఆమె చేతులు ఇంకా చాచే ఉన్నాయి. అతను పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పాస్టరు గారు మైకులోనే, ఆలస్యమవుతోంది బ్రదర్ అన్నారు.

ఆమె లేచి పాస్టరు గారి వైపు చూసింది.

"ఇంకా ఎన్నాళ్ళు అయ్యగారూ?"

"నువ్వు నీ ఇంటికి తిరిగి వెళ్ళేదాకా, తల్లీ."

ఆ 'తల్లీ'లో తేనె కారింది.

ఆమె చేతులు దించుకుని బయటికి నడిచింది. ఆ వెంటనే పాట బృందం ప్రేమ గురించిన పాట ఎత్తుకుంది.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర సంఘ పెద్ద భార్య డ్రైవరుకి సంగతంతా చెప్పింది. పాట బృందం ముందు నిలబడి కళ్ళు మూసుకుని పాడతాడే, ఆ టై కట్టుకున్నాయన, ఆమె మొగుడే. అతను కొట్టిన దెబ్బకి ఆమెకి ఒక చెవి వినపడదు. రెండోసారి చెయ్యి విరిగాక ఆమె ఇల్లు వదిలి వచ్చేసింది. మొగుణ్ణి వదిలిన ఆడది సంఘం ముందు క్షమాపణ అడిగి కాపురానికి వెళ్ళేదాకా బల్లలో చెయ్యి పెట్టకూడదని పెద్దలు తీర్మానించారు. అంతా చెప్పి, పాపం మంచిదేలే అని కూడా అంది ఆవిడ.

డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా పాస్టరు గారి గదిలోకి వెళ్ళాడు. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలిస్తున్నారు.

"కొట్టినవాడికి రొట్టె ఇచ్చారు. తన్నులు తిన్న మనిషికి ఎందుకు లేదు?"

"అతను పశ్చాత్తాపపడ్డాడు బ్రదర్."

"ఎవరి ముందు?"

"నా ముందు. ఈ గదిలోనే."

"దెబ్బలు తిన్నది మీరా అయ్యగారూ?"

పాస్టరు గారు కుర్చీలో కూర్చుని, కుటుంబాలు నిలబడాలంటే సంఘానికొక పద్ధతంటూ ఉండాలని, కొత్తగా వచ్చినవాళ్ళు తొందరపడి మాట్లాడకూడదని నెమ్మదిగా నచ్చజెప్పబోయారు. ఆ పద్ధతేదో మీరే ఉంచుకోండి అని డ్రైవరు వచ్చేశాడు. పుట్టిన దగ్గర్నుంచీ చర్చి ఎగ్గొట్టి ఎరగని మనిషి, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇంటికొచ్చి చెబితే భార్య తల పట్టుకుంది.

"రేపు ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఎవరు చేస్తారు? మనం పోతే ఎక్కడ పూడుస్తారు? నీ కోపానికేం, నిమిషంలో వచ్చేస్తుంది."

గుమ్మంలో పెద్ద కూతురు చెల్లెలికి జడ వేస్తోంది. భార్య చాలాసేపు వాళ్ళనే చూస్తూ కూర్చుంది. అటు చూస్తూనే ఆమె మొహం మారింది.

"రేపు మన పిల్లకి అలాంటి మొగుడు దొరికితే, వీళ్ళు దీన్ని కూడా చివరి బెంచీలోనే కూర్చోబెడతారు," అంది. "ఆమెని మనింటికి పిలుచుకురా. రొట్టె ఇక్కడే విరుద్దాం."

మర్నాడు డ్యూటీ దిగగానే, ఆమె ఎక్కడుంటుందో కండక్టరుని అడిగాడు. ఒక చెవికి వినపడదు కాబట్టి టికెట్టు కొట్టేటప్పుడు రెండుసార్లు పిలవాల్సి వచ్చే ఆవిడ కండక్టరుకి బాగా గుర్తే. మార్కెట్ స్టాపులో దిగుతుందని, సందు చివర బేకరీ వెనక గదిలో ఉంటుందని చెప్పాడు.

డ్రైవరు వెళ్ళేసరికి ఆ గదికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ఏమీ లేదు. బేకరీ యజమాని చేతులకంటిన పిండి దులుపుకుంటూ బయటికొచ్చాడు.

ఆమె నిన్న సాయంత్రమే సామాను సర్దుకుని వెళ్ళిపోయిందట. ఎక్కడికో చెప్పలేదట. చర్చి నుంచి వస్తూనే ఏడుపు మొదలుపెట్టిందని, ఎంతసేపటికీ ఆపలేదని అంటూ ఆయన డ్రైవరుని ఎగాదిగా చూశాడు.

"మీరు ఆ చర్చి మనిషేనా?"

"నిన్నటిదాకా."

"అయితే మీ పాస్టరుకి ఒక మాట చెప్పండి, వచ్చే నెల నుంచి వేరే చోట చూసుకోమని," అన్నాడాయన. "మీ బల్ల మీద ఆయన పైకెత్తి దీవించే రొట్టె నాలుగేళ్ళుగా ఆవిడే చేసేది, ఆ పిండి ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు."