కుడివైపు వద్దు

"కుడివైపు గుచ్చకండి డాక్టర్ గారూ. ఆయనకి కుడి మెడలో సిర దారంలా సన్నం. ధమని సరిగ్గా దాని కిందే ఉంటుంది."

అత్యవసర విభాగం తలుపు దగ్గర మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన అన్నాడు.

మంచం మీద రోగికి స్పృహ లేదు. కిడ్నీలు ఎప్పుడో చేతులెత్తేశాయి. వెంటనే డయాలసిస్ మొదలుపెట్టాలి. దానికి మెడలో సిరలోకి గొట్టం వెయ్యాలి.

కుర్ర డాక్టరు గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు.

"మీరు ఈయనకేమవుతారు?"

పెద్దాయన తడబడ్డాడు.

"ఏమీ కాను."

"ఏమీ కానివాళ్లకి ఇక్కడేం పని?"

"పాత స్కాన్ కాగితాలు వాళ్లావిడ తెస్తోంది బాబూ. కాసేపు ఆగండి. లేదంటే ఎడమవైపు చూడండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఈలోపు గుండె ఆగిపోతే మీరొచ్చి ఆడిస్తారా? సిస్టర్, ఈయన్ని బయట కూర్చోబెట్టండి. ఫోన్లో వీడియోలు చూసి ప్రతివాడూ డాక్టరే!"

నర్సు నవ్వుతూ తలుపేసింది.

అందరి మెడలూ ఒక్కలా ఉండవని కుర్ర డాక్టరుకు తెలియక కాదు. పుస్తకంలో చదివాడు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. అలాంటి మెడ తన చేతికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఎప్పుడూ గుచ్చే కుడివైపే గుచ్చాడు.

మొదటిసారి ఏమీ రాలేదు.

రెండోసారీ రాలేదు.

మూడోసారి ఎర్రటి రక్తం చిమ్ముకొచ్చింది. మెడ ఉబ్బిపోయింది. ఊపిరి ఆగింది. నలభై నిమిషాలు ఛాతీ నొక్కారు.

ఆ తర్వాత ఎవరూ నొక్కలేదు.

కుర్ర డాక్టరు గ్లవ్స్ తీసి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. ఆ చేతులు తనవే అనిపించలేదు.

రోగి భార్య ఫైలు పట్టుకుని వచ్చింది. ఏడవలేదు. మంచం పక్కన నిలబడి భర్త మెడ చూసింది.

"కుడివైపా?" అంది.

డాక్టరు దుప్పటి పైకి లాగి ఆ మెడ కప్పాడు.

"బయట మఫ్లరు పెద్దాయన చెప్పలేదా?"

"చెప్పారు... ఎవరమ్మా ఆయన?"

ఆమె ఫైలు తెరవకుండానే బల్ల మీద పెట్టింది.

"రెండేళ్లుగా మేం ఏ ఆసుపత్రికెళ్తే ఆ తలుపు దగ్గరికొచ్చి నిలబడతారు. పొమ్మన్నా పోరు. మళ్లీ సూది పట్టుకోలేదట," అంది, ఎవరికో చెబుతున్నట్టు. "మావారికి మొదటిసారి ఈ కుడివైపే గుచ్చిన డాక్టరు ఆయనే."