ముప్పై సెకన్లు కదలొద్దు

2006లో డిజిటల్ కెమెరా కొన్న వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారు చీకట్లో ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నారు. రేపల్లెలో ఫొటో పోటీకి రేపే ఆఖరు. అందుకని కొల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డున దర్జీ షఫీని నిలబెట్టి, ముప్పై సెకన్లు కదలొద్దన్నారు. షఫీ దోమల్ని కొట్టుకుంటూనే ఉన్నాడు.

కెమెరా తెర మీద షఫీ పొగలా చెదిరిపోయాడు. పక్కనే పంచెకట్టు పెద్దాయనొకడు చెక్కినట్టు వచ్చాడు.

"మాస్టారూ, మనిద్దరమే కదండీ వచ్చింది?"

"ఎవరైతే ఏంటయ్యా, ఆయన కదిలాడా? ఇంకోటి తీస్తా, కాస్త నవ్వమను."

షఫీ చెప్పులొదిలేసి కరకట్టెక్కి పరుగెత్తాడు. మాస్టారు ఖాళీ ఇసుకనే మళ్లీ ఫొటో తీశారు.

ఈసారి తెర మీద పెద్దాయన నవ్వాడు. బాగా ముందుకొచ్చాడు కూడా.

"ఫోకస్ పోయిందండీ బాబాయిగారూ, కాస్త వెనక్కి జరగండి," అన్నారు మాస్టారు.

చీకట్లో, ఇసుక మీద అడుగులు వెనక్కి జరిగిన చప్పుడైంది.