ఆయుధపూజకు నాలుగు రోజుల తర్వాత

అసలు చూడటమంటే ఏమిటి? కంటికి కనపడితే చూసినట్టేనా? పెళ్లిచూపుల్లో తను భార్య కోకిలను చూశాడు, ఏం తెలిసింది? రాజమాణిక్యం ఎదురుగా ఉన్న పెట్టుబడి ఒప్పందం కాగితంలోని ఆఖరి ప్రశ్న మళ్లీ చదువుకున్నాడు. పేటెంటుకు దరఖాస్తు చేయకముందు మీ యంత్రాన్ని బయటివాళ్లకు చూపించారా?

కనకమ్మ సత్రం రోడ్డు పక్కన పన్నెండు మంది పనిచేసే రేకుల షెడ్డు అది. నాటడానికి చెరకు కన్నులు చితక్కుండా కోసే యంత్రం ఆయన సొంత తెలివి. జపాన్ నుంచి హయాషి పెట్టుబడితో వచ్చింది షెడ్డును చూసి కాదు. "యంత్రాన్ని ఎవరైనా నకలు చేస్తారు. పేటెంటు ఉంటే చేయలేరు. నాకు కావలసింది అదే" అని మొదటి రోజే చెప్పేశాడు. ఆ ధైర్యంతోనే రాజమాణిక్యం రెండో షెడ్డుకు ముగ్గు పోయించాడు.

కానీ దరఖాస్తు వేసింది ఆయుధపూజ అయిన నాలుగు రోజులకు. పూజనాడు యంత్రం వాకిట్లో ఉంది. ఊరంతా వచ్చింది. దరఖాస్తుకు ముందే బయటపడిన యంత్రానికి పేటెంటు దక్కదని ఆయన విన్నాడు.

"లేదని రాసెయ్యన్నా" మేస్త్రీ పచ్చయ్యప్ప చెవిలో గొణిగాడు. "ఊర్లో ఒక్కడు నోరు తెరిస్తే నన్నడుగు."

"ముందు తెరిచేది నీ నోరే గదరా."

హయాషి తరఫున చెన్నై నుంచి వచ్చిన వకీలు జ్యోతిక గడియారం చూసుకుంది. "ఇదొక్కటే మిగిలింది సార్. ఎవరికీ చూపించలేదు కదా?"

తలూపితే చాలు. సంతకాలైపోతాయి. రాజమాణిక్యానికి తన తల ఎంత బరువో మొదటిసారి తెలిసింది. తప్పొప్పుల సంగతి కాదు. జీవితంలో ఒక్కరోజు ఊరు తన పనిని కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. అసలు ఆ రోజే లేదనడం ఆయనకు చేతకాలేదు.

"చూపించినాను మేడమ్. ఆయుధపూజకు. ఊరంతా చూసినారు."

పచ్చయ్యప్ప నెత్తి కొట్టుకున్నాడు. జ్యోతిక కలం ఆగింది.

"నడిపి చూపించారా?"

"ఆ పొద్దు యాడ నడిపేది? మిషన్లకు సెలవు గదా! సుమ్మా, ఊరికే పూలు పెట్టి నిలబెట్టినాము. మూత గూడా తియ్యలేదు."

ఆమె పక్కనే కూర్చున్న హయాషితో ఇంగ్లీషులో మాట్లాడింది. ఆయన నవ్వి తలూపాడు.

"పైపైన చూస్తే పేటెంటుకు ఏమీ కాదు సార్. లోపల ఎలా పనిచేస్తుందో తెలిసిపోయి ఉంటేనే కష్టం. జరిగింది జరిగినట్టు రాయండి."

రాజమాణిక్యం రాసి, సంతకం పెట్టాడు.

పచ్చయ్యప్ప ఉండబట్టలేకపోయాడు. "లేదని రాసుంటే మీకెట్ట తెలుస్తాది మేడమ్?"

జ్యోతిక ఫైలు మూసింది.

"మా అమ్మమ్మది ఈ ఊరే మామా. ఆ పొద్దు ఈ వాకిట్లో హారతి నేనూ కండ్లకద్దుకున్నా."