తల చితికిన మరపాము

నిజం పాములన్నిటినీ కొట్టి చంపేశాక పొలాల్లో ఎలుకలు పెరిగిపోయాయి. అప్పుడు మా ఊరి మహానుభావులు ఎలుకలు పట్టడానికి బ్యాటరీతో నడిచే మరపాములు కొనుక్కున్నారు. వాటిని బాగుచేయడం నా పని. నా దగ్గరికొచ్చే ప్రతిదానికీ తల చితికే ఉంటుంది.

నిన్న రైతు వీరాంజనేయులు ఒకటి తెచ్చాడు.

"ఇది మిషనని తెలీదా బాబాయ్?" అన్నాను.

"తెలీకేం, కొన్నది నేనేగా! కాళ్ల దగ్గర కదిలేసరికి కర్ర తీశానమ్మా."

"మనుషుల్ని కరవదుగా?"

"కరవదు. అయినా పామేగా!"

ఆ తెలివికి ఓ దండం పెట్టి, వారం ఆగమన్నాను.

"కుదరదమ్మా, పొద్దున్నే కావాలి," అన్నాడు కంగారుగా. "రేపు నాగుల చవితి. మీ పిన్ని పాలు పొయ్యాలి. పుట్టలో పెట్టడానికి ఊళ్ళో ఇంకో పాము లేదు."